పసికందు మెదడు నమూనా సూదితో ఎలా తీస్తారు?

పుట్టిన కొద్ది రోజులకే బిడ్డ పోతే, తల తెరిచే పని లేకుండా సూదితో కాస్త కణజాలం తీసి కారణం వెతకవచ్చు. కర్ణాటకలోని దావణగెరెలో, పాకిస్తాన్‌లోని కరాచీలో 2018లో మొదలైన ‘పర్పస్’ అధ్యయనంలో ఈ పద్ధతే వాడారు. పాథాలజీలో కొత్తగా చేరి, సీనియర్ పక్కన నిలబడి నేర్చుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

మొదట అనుమతి. సంతకం కన్నా ముందు తల్లిదండ్రులతో మాట్లాడాలి. “మెదడు మొత్తం తీసేస్తారా?” అనే అడుగుతారు. అగ్గిపుల్ల కన్నా సన్నటి ముక్కలే తీస్తామని, ముఖం మీద గాటు పడదని, బిడ్డను ఎప్పటికి అప్పగిస్తామో చెప్పండి. వద్దంటే అక్కడితో ఆగిపోవాలి. బతిమాలి తెచ్చుకున్న సంతకాన్ని నేను అనుమతిగా లెక్కపెట్టను.

ఒప్పుకుంటే ఆలస్యం వద్దు. 24 గంటల్లోపు అయితే మేలు. బరువు, పొడవు, తల చుట్టుకొలత రాసుకుని, ఒళ్లు శుభ్రం చేసి, సూది గుచ్చే చోట స్పిరిట్‌తో తుడవండి. ముందు రక్తం, మెడ వెనక నుంచి సీఎస్‌ఎఫ్‌, ఆ తర్వాతే మెదడు. వరస తప్పితే సీఎస్‌ఎఫ్‌లో రక్తం, కణజాలం కలిసిపోతాయి. ప్రతి అవయవానికీ కొత్త సూది తీసుకోవాలి. లేకపోతే ఒకచోటి క్రిమి ఇంకోచోట కనిపించి అందరినీ తప్పుదారి పట్టిస్తుంది.

మెదడుకు పెద్దవాళ్లలోలాగే పుర్రె అడుగు రంధ్రం గుండా వెళ్లవచ్చు. పసిబిడ్డకు మాడు ఇంకా పూడదు కనుక ఆ దారీ ఉంది. మాడు నడిమధ్యలో గుచ్చకూడదు. కిందనే పెద్ద సిర ఉంటుంది, పక్క మూల నుంచి వెళ్లాలి. నవజాత శిశువు మెదడులో నీటి పాలు ఎక్కువ. బయాప్సీ సూదిలోంచి ముక్క దారంలా రాకపోవచ్చు, ముద్దగా జారుతుంది. గీకకండి, సూది మొనను ఫార్మలిన్‌లో ముంచి మెల్లగా ఆడిస్తే అదే వదులుతుంది. ఇంకో ముక్క మాత్రం ఫార్మలిన్ తగలకుండా పొడి స్టెరైల్ సీసాలో, క్రిముల పరీక్షకు. సీసా మీద పేరు, సమయం అప్పటికప్పుడే రాయాలి.

సూదికి అందనివీ ఉంటాయి. లోపలి గదుల పక్కన చిన్న రక్తస్రావమైతే సూది దాన్ని తప్పించుకుపోవచ్చు. అందుకే మాయ పరీక్ష, తల్లి కేసు షీటు కూడా కలిపి చూశాకే కారణం తేల్చాలి.

గుచ్చిన చోట దూది అద్ది, ఒళ్లు తుడిచి, గుడ్డ చుట్టి అప్పగించండి. రిపోర్టు ఎవరు, ఎప్పుడు చెబుతారో అప్పుడే చెప్పి, ఫోన్ నంబరు రాసుకోండి.