పెరటి తోటలో మెత్తమెడ వెల్లుల్లి – సాగు, గడ్డ తవ్వకంలో మెలకువలు

తెలుగువారి వంటింట్లో తాలింపు నుంచి కారప్పొడి వరకు వెల్లుల్లి లేని రోజు అరుదు. తెలంగాణలో ఎల్లిగడ్డ, ఎల్లిపాయ అనీ, రాయలసీమలో తెల్లగడ్డ అనీ పిలిచే ఈ పంటను పెరట్లో వేసుకోవాలన్న ఆసక్తి ఇటీవల పెరుగుతున్నది. అయితే ఆకు ఏపుగా పెరిగినా గడ్డ ఊరలేదనీ, ఊరిన గడ్డ రెండు నెలలకే కుళ్లిందనీ గృహిణులు తరచుగా వాపోతుంటారు. ఈ రెండు నష్టాలకూ ఎరువుల లోపం కన్నా విత్తన ఎంపిక, నాటే కాలం, తవ్వే సమయం విషయంలో జరిగే పొరపాట్లే ప్రధాన కారణాలు. పంట స్వభావాన్ని అర్థం చేసుకుంటే వీటిని సులువుగా నివారించవచ్చు.

పంట స్వభావం

వెల్లుల్లి శాస్త్రీయ నామం ఆలియం సటైవం. ఇందులో గట్టిమెడ, మెత్తమెడ అని రెండు తరగతులున్నాయి. గట్టిమెడ రకాల్లో గడ్డ నడుమ నుంచి గట్టి పూకాడ వెలువడుతుంది. మెత్తమెడ రకాల్లో సాధారణంగా పూకాడ రాదు. ఆకుల అడుగు తొడుగులు ఒకదానిలో ఒకటి ఇమిడి కాండంలా కనిపిస్తాయి. అందువల్లనే పంట పక్వానికి వచ్చినప్పుడు మెడ మెత్తబడి మొక్క పక్కకు వాలుతుంది. మన దేశపు మైదాన ప్రాంతాల్లో సాగయ్యే రకాల్లో అధిక భాగం ఈ తరగతికి చెందినవే.

వెల్లుల్లికి సారవంతమైన విత్తనం ఏర్పడదు కనుక రెబ్బలనే నాటుతారు. రెబ్బ మొలిచి ముందుగా ఆకులను పెంచుకుంటుంది. ఈ దశలో చల్లదనం అవసరం. ఆ తరువాత పగటి కాలం, ఉష్ణోగ్రత పెరిగే కొద్దీ ఆకుల పెరుగుదల తగ్గి, ఆహారం గడ్డలోకి చేరుతుంది. గడ్డ ఊరే సమయానికి మొక్కకు ఎన్ని ఆరోగ్యకరమైన ఆకులుంటే గడ్డ అంత పెద్దదవుతుంది. ఆలస్యంగా నాటిన మొక్కకు ఆకులు పెంచుకునే వ్యవధి ఉండదు కాబట్టి గడ్డ గోలీ అంతే మిగులుతుంది.

రకాలు, విత్తనం ఎంపిక

యమునా సఫేద్, అగ్రిఫౌండ్ వైట్, భీమా పర్పుల్ వంటి రకాలు మైదాన ప్రాంతాలకు అనువైనవి. అగ్రిఫౌండ్ పార్వతి పెద్ద రెబ్బలతో ఆకర్షణీయంగా ఉన్నా, దీర్ఘ పగటి కాలం కోరే కొండ ప్రాంతాల రకం. అంగడిలో పెద్ద రెబ్బలు చూసి ఇటువంటి రకాలను తెచ్చి నాటితే మన పరిస్థితుల్లో ఆకే తప్ప గడ్డ సరిగా రాదు. కనుక రెబ్బ పరిమాణం కన్నా రకం పుట్టిన ప్రాంతాన్ని ముందుగా విచారించాలి.

ఎంచుకున్న రకంలో గడ్డ వెలుపలి వరుసలోని, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం గల రెబ్బలను నాటాలి. నడుమనుండే సన్నని రెబ్బలు వంటకు వాడుకోవాలి. వైరస్ తెగుళ్లు రెబ్బల ద్వారా తరువాతి పంటకు సంక్రమిస్తాయి కాబట్టి ఆకులపై పసుపు చారలు కనిపించిన మొక్కల గడ్డలను విత్తనానికి ఉంచరాదు. రెబ్బలను నాటే రోజున గాని, ముందు రోజున గాని మాత్రమే విడదీయాలి. పైపొర ఊడకుండా చూడాలి.

నాటడం

నీరు నిలవని, సేంద్రియ పదార్థం గల గుల్ల నేల అనుకూలం. బరువైన నల్లరేగడిలో ఎత్తు మళ్లు చేసుకోవాలి. ఉల్లి, వెల్లుల్లి వేసిన మడిలోనే వెంటనే తిరిగి నాటరాదు. అక్టోబరు నుంచి నవంబరు మొదటి పక్షం వరకు నాటడం మేలు. ఆదిలాబాద్ వంటి చలి ఎక్కువగా ఉండే జిల్లాల్లో గడ్డ బాగా ఊరుతుంది. రాత్రి ఉష్ణోగ్రత అంతగా తగ్గని తీర ప్రాంతాల్లో గడ్డ కొంత చిన్నదిగా ఉంటుందని పెరటి సాగుదారులకు ముందే తెలపాలి.

వరుసల మధ్య 15, మొక్కల మధ్య 10 సెంటీమీటర్ల దూరంలో, మొన పైకి ఉండేలా, సుమారు 5 సెంటీమీటర్ల లోతున రెబ్బలను నాటాలి. ఈ లెక్కన 10 చదరపు మీటర్ల మడిలో దాదాపు 660 మొక్కలు పడతాయి. ఒక్కో గడ్డ 15 గ్రాములు తూగినా 10 కిలోల వరకు దిగుబడి వస్తుంది.

ఎరువులు, నీరు

10 చదరపు మీటర్లకు 20 కిలోల బాగా చివికిన పశువుల ఎరువును ఆఖరి తవ్వకంలో కలపాలి. హెక్టారుకు 100 కిలోల నత్రజని, 50 కిలోల భాస్వరం, 50 కిలోల పొటాష్ అన్న మోతాదును ఈ మడికి అన్వయిస్తే సుమారు 217 గ్రాముల యూరియా, 312 గ్రాముల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్, 83 గ్రాముల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అవుతుంది. యూరియాలో సగాన్ని, తక్కిన రెండు ఎరువుల పూర్తి మోతాదును నాటేటప్పుడు వేయాలి. మిగిలిన యూరియాను 30, 45 రోజులకు సమాన భాగాలుగా పైపాటుగా వేయాలి. సూపర్ ఫాస్ఫేట్ ద్వారా వెల్లుల్లి ఘాటుకు అవసరమైన గంధకం కూడా అందుతుంది.

గడ్డ ఊరే దశలో నత్రజని వేస్తే, లేదా బెట్ట తరువాత ఒక్కసారిగా అధికంగా నీరు పెడితే, ఊరిన రెబ్బలు గడ్డలోనే మొలకెత్తి గడ్డ చీలిపోతుంది. వేర్లు పైపైనే ఉంటాయి కనుక తేలికపాటి తడులు క్రమంగా ఇవ్వాలి. కలుపును లోతుగా తవ్వక, చేతితో తీయాలి.

సస్యరక్షణ

తామర పురుగులు ఆకుల రసాన్ని పీల్చడం వల్ల ఆకులపై తెల్లని మచ్చలు ఏర్పడి, కొనలు మెలి తిరుగుతాయి. నీలిరంగు జిగురు అట్టలు అమర్చి, 5 శాతం వేప గింజల కషాయం పిచికారీ చేయాలి. ఊదారంగు మచ్చ తెగులు సోకిన ఆకులను తుంచి నాశనం చేయాలి. ఆకులపై తడి ఎక్కువసేపు నిలవకుండా ఉదయం వేళ మొదళ్లకు మాత్రమే నీరు పోయాలి.

తవ్వే సమయం

ఈ పంటలో అత్యంత కీలకమైన నిర్ణయం ఇదే. రకాన్ని బట్టి 120 నుంచి 165 రోజులకు పంట పక్వానికి వస్తుంది. అయితే రోజుల లెక్క కన్నా మొక్క చూపే గుర్తులే నమ్మదగినవి. ప్రతి ఆకు అడుగు భాగమూ గడ్డ చుట్టూ ఒక పొరగా ఏర్పడుతుంది. ఆకు ఎండితే దాని పొర కూడా పలుచబడి నేలలో చివికిపోతుంది. ఆకులన్నీ ఎండేదాకా ఆగితే గడ్డను కాపాడే పొరలు మిగలవు. రెబ్బలు విచ్చుకొని బూజు చేరుతుంది. తొందరపడి తవ్వితే రెబ్బలు నిండక, నిల్వలో ముడతలు పడతాయి.

అడుగు ఆకులు సగం మేరకు పసుపు రంగుకు మారి, మెడలు మెత్తబడి వాలడం మొదలైనప్పుడు రెండు మూడు మొక్కలను తవ్వి, గడ్డను అడ్డంగా కోసి పరిశీలించాలి. రెబ్బల మధ్య పొరలు ఇంకా మందంగా, నీరుగా ఉంటే కొన్ని రోజులు ఆగాలి. పొరలు కాగితంలా పలుచబడి రెబ్బలు నిండుగా ఉంటే అదే తగిన సమయం. గాలికో, అధిక నీటికో పడిపోయిన మొక్కలను చూసి పక్వమైనట్లు భావించరాదు. పక్వ దశకు 10 నుంచి 15 రోజుల ముందే తడులు ఆపాలి. మొక్కను పట్టి లాగితే మెడ తెగుతుంది కనుక పక్కన మట్టిని వదులు చేసి గడ్డను ఎత్తాలి.

ఆరబెట్టడం, నిల్వ

తవ్విన గడ్డలను కడగరాదు. ఒక వరుస ఆకులు పక్క వరుస గడ్డలను కప్పేలా పరచి, గాలి ఆడే నీడలో 7 నుంచి 10 రోజులు ఆరబెట్టాలి. ఎండ నేరుగా తగిలితే గడ్డలు కమిలిపోతాయి. మెడ పూర్తిగా ఎండిన తరువాత వేర్లు కత్తిరించాలి. మెత్తమెడ రకాలను ఆకులతోనే జడలుగా అల్లి వేలాడదీయవచ్చు. లేదా 2 సెంటీమీటర్ల మెడ ఉంచి కోసి, వల సంచుల్లో నిల్వ చేయవచ్చు. ఫ్రిజ్‌లోని చల్లదనం మొలకను ప్రేరేపిస్తుంది కనుక అందులో ఉంచరాదు. వానకాలపు తేమ తగలని చోట గడ్డలు కొన్ని నెలలపాటు చెడకుండా ఉంటాయి.

ముగింపు

పెరటి వెల్లుల్లి విఫలమైందని ఎవరైనా చెప్పినప్పుడు విస్తరణ శాస్త్రవేత్తలు ఎరువుల సంగతికి ముందు మూడు ప్రశ్నలు అడగాలి: ఏ రకం నాటారు, ఏ నెలలో నాటారు, ఎన్ని ఆకులు పచ్చగా ఉండగా తవ్వారు? ఈ మూడింటి సమాధానాల్లోనే చాలా సమస్యలకు పరిష్కారం దొరుకుతుంది. మేలైన గడ్డలను ఏటా విత్తనానికి ఎంచి ఉంచుకుంటే ఆ కుటుంబం మరుసటి ఏడాది విత్తనం కొనవలసిన పని ఉండదు.