ఇంజను విప్పే ముందు విప్పవలసిన పుస్తకాలు

(బి.ఎస్సీ. మూడవ సంవత్సరం, భౌతికశాస్త్ర విద్యార్థి)

మన వార్షిక సంచికకు శాస్త్ర విషయం మీద ఏదైనా రాయమని యూనియన్ కార్యదర్శి అడిగినప్పుడు, అందరిలాగే అణుశక్తి గురించో, అంతరిక్షం గురించో రాద్దామనుకున్నాను. కాని చేతులకు మడ్డినూనె అంటించుకుని నేను స్వయంగా నేర్చుకున్నది ఒక్కటే ఉంది. అది ఇంజను. చిత్రమేమిటంటే, మా పొలం ఇంజను సంగతి నాకు అర్థమైనది నేను ఇంతవరకు కంటితో చూడని అమెరికా కార్ల పుస్తకాలు చదివి. ఆ పుస్తకాలు ఏవి, వాటిని ఏ వరుసలో చదవాలి అనేదే ఈ వ్యాసం.

ముందు అసలు సంగతి చెప్పాలి. మాది కాలువ చివరి పొలం. వంతు వచ్చినా నీరు మడికి ఎక్కదు. ఐదు గుర్రాల ఆయిల్ ఇంజనుతో తోడుకోవాలి. రెండేళ్ల క్రితం సార్వాలో ఇంజను పొగ కక్కుతున్నదని టౌనుకు తీసుకుపోయి రింగులు మార్పించాం. మూడో రోజున అది పట్టేసింది. అప్పటికి వరి పొట్ట మీద ఉంది. అద్దె ఇంజను దొరికేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. ఆ ఏడు మా ధాన్యంలో ఎక్కువ భాగం తాలు. నాన్న ఎవరినీ ఏమీ అనలేదు. "పాతదైపోయిందిరా" అని మాత్రం అన్నాడు.

సంక్రాంతికి మా మేనమామ అమెరికా నుంచి వచ్చాడు. ఆయన మిషిగన్ రాష్ట్రంలో ఉంటాడు. తీరిక వేళల్లో ఒక పాత షెవ్రొలే కారు ఇంజను బాగుచేసుకోవడం ఆయనకు సరదా. పశువుల పాకలో పడేసి ఉన్న రింగును తీసి, దాని రెండు కొనలను వెలుతురుకు పెట్టి చూశాడు. అద్దంలా మెరుస్తున్నాయి. "బావా, ఇంజను తప్పేం లేదు. రింగు కొనల మధ్య సందు కొలిచినవాడే లేడు. వేడికి సాగి కొనలు రెండూ ఢీకొన్నాయి" అన్నాడు. తరువాత నా వైపు తిరిగి "ఏరా అల్లుడూ, స్క్రూగేజి ప్రాక్టికల్ చేశావా?" అని అడిగాడు. చేశాను. మార్కులు కూడా పూర్తిగా వచ్చాయి. కాని కొలిచింది ఒక గాజు పలక మందం, ఒక తీగ వ్యాసం. అది ఎందుకు నేర్పారో ఆ రోజు దాకా నాకు తెలియలేదు.

ఈ మజిల్ కార్లు ఏమిటి?

1964లో పాంటియాక్ కంపెనీ మధ్యతరగతి సైజు కారులో 389 ఘనపు అంగుళాల పెద్ద ఇంజను పెట్టి జి.టి.ఓ. అనే పేరుతో అమ్మింది. మజిల్ కార్ల యుగం అక్కడ మొదలైందని చాలామంది చెబుతారు. మజిల్ అంటే కండ. తరువాత ఫోర్డ్, క్రైస్లర్, షెవ్రొలే పోటీపడ్డాయి. క్రైస్లర్ వారి 426 హెమీ 1964లో డేటోనా పందెం గెలిచి, 1966లో మామూలు కొనుగోలుదారులకు అందింది. కాలుష్య నిబంధనలు, బీమా ఖర్చులు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి ఆ యుగాన్ని ముగించాయి. మిగిలిన కార్లను ఇవాళ విప్పి, కొలిచి, తిరిగి నిలబెట్టేవారు వేలల్లో ఉన్నారు. వారికోసం పుట్టిన పుస్తకాలే ఇవి.

నేను ఉదాహరణకు తీసుకునేది షెవ్రొలే 350. 1955లో 265 ఘనపు అంగుళాలతో వచ్చిన చిన్న వి-8 కుటుంబంలోనిది, 1967లో వచ్చింది. బోరు 4 అంగుళాలు, స్ట్రోకు 3.48 అంగుళాలు, సిలిండర్లు 8. స్తూపం ఘనపరిమాణం సూత్రంలో వేసి చూడండి, దాదాపు 350 వస్తుంది. అంటే 5.7 లీటర్లు.

మొదటి పుస్తకం: కంపెనీ మాన్యువల్

ఆ ఏడాది ఆ కారుకు కంపెనీయే వేసిన సర్వీసు మాన్యువల్ మొదటిది. షెవ్రొలే వారు ఓవర్‌హాల్ మాన్యువల్ అని ఇంకొకటి కూడా వేసేవారు. ఇందులో కథ ఉండదు, వర్ణన ఉండదు. అన్నీ అంకెలే. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, విడతలు విడతలుగా, చివరకు 65 అడుగు-పౌండ్ల దాకా బిగించాలి. మండే వరుస 1-8-4-3-6-5-7-2. ఇలాంటివి ఎవరి నోటి మాటా నమ్మకుండా ఇక్కడే చూసుకోవాలి. మన దగ్గర "చెయ్యి బరువు తెలిసినవాడు" అని మేస్త్రీని మెచ్చుకుంటాం. ఆ నేర్పు గొప్పదే. కాని ఆ చేతికి సైతం టార్కు స్పానరు సాక్ష్యం ఉంటే మంచిది.

రెండవది: నంబర్ల పుస్తకం

అలన్ కాల్విన్ రాసిన "షెవ్రొలే బై ద నంబర్స్" చదవడానికి పంచాంగంలా ఉంటుంది. కాని పాత ఇంజనుకు అది జాతకమే. పోత పోసినప్పుడు వచ్చిన నంబరు బ్లాకు వెనుక అంచు మీద ఉంటుంది. ఏ కారుకు, ఏ బలానికి బిగించారో చెప్పే ముద్ర బ్లాకు ముందు భాగంలో, కుడివైపు హెడ్డు ముందున్న చిన్న చదును మీద ఉంటుంది. పైతలం చదును చేయించేటప్పుడు ముందే చెప్పకపోతే లేతు షాపువాడు ఆ ముద్రను కూడా చెక్కేస్తాడు. ఇంజను చక్కగా నడుస్తుంది, కాని అది ఆ కారుతో పుట్టిన ఇంజనేనని నిరూపించే సాక్ష్యం పోతుంది. కారు విలువ కూడా పడిపోతుంది. చదవకుండా చేసిన పని ఖరీదు ఎంతో తెలియడానికి ఈ ఒక్కటి చాలు.

మూడవది: విప్పి బిగించడం నేర్పే పుస్తకం

డేవిడ్ విజర్డ్ రాసిన "హౌ టు రీబిల్డ్ యువర్ స్మాల్-బ్లాక్ షెవీ" ఈ తరగతిలో నాకు నచ్చినది. ఫోర్డ్ ఇంజన్లకు టామ్ మన్రో రాసిన పుస్తకాలున్నాయి. ఇవి ఫోటోలతో, పక్కన నిలబడి మాట్లాడుతున్నట్లు ఉంటాయి. విప్పేటప్పుడే మెయిన్ బేరింగు క్యాపులకు, కనెక్టింగ్ రాడ్లకు నంబర్లు వేయమంటాయి. ఒకదాని క్యాపు ఇంకొకదానికి పెడితే రంధ్రం గుండ్రంగా ఉండదు. ఈ షెవ్రొలేలో హెడ్డు బోల్టుల మరలు నీటి గదిలోకి తెరుచుకుంటాయి కనుక వాటికి సీలెంటు పూయమంటాయి. పూయకపోతే నీరు మరల వెంట పైకి కారుతుంది.

అన్నిటికంటే ముఖ్యం కొలతలు. క్రాంకుకు, బేరింగుకు మధ్య నూనె నిలిచే సందు సుమారు అంగుళంలో వెయ్యోవంతులు రెండు, అంటే 0.05 మిల్లీమీటర్లు. మన లాబ్‌లోని స్క్రూగేజి లీస్ట్ కౌంటు 0.01 మిల్లీమీటరు. ఇంత పెద్ద ఇంజను ప్రాణం ఆ గేజి మీద ఐదు గీతలు! జీరో ఎర్రర్ మరిచిపోతే ఏమవుతుందో ఊహించండి. మన గేజి 25 మిల్లీమీటర్ల దాకానే కొలుస్తుంది. షాపులో వాడే మైక్రోమీటరు పెద్దది, సూత్రం మాత్రం ఒక్కటే.

నాలుగవది: కారణం చెప్పే పుస్తకం

పై పుస్తకాలు "ఇలా చెయ్యి" అంటాయి. "ఎందుకు" అనే ప్రశ్నకు జవాబు చెప్పేవి వేరే. ఇంగ్లండుకు చెందిన హ్యారీ రికార్డో 1920 దశకంలో రాసిన గ్రంథం, మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆచార్యుడు సి. ఎఫ్. టేలర్ రాసిన రెండు సంపుటాలు ఈ కోవలోనివి. టేలర్ మొదటి సంపుటం 1960లోను, రెండవది 1968లోను వచ్చాయి. కష్టమైన పుస్తకాలే. కాని డిగ్రీలో ఉష్ణగతికశాస్త్రం చదివినవారు భయపడనక్కరలేదు. ముందు ఆటో చక్రం ఉన్న అధ్యాయం చదివి, తరువాత రాపిడి, ఇంధనపు తట్టు గురించి చదివితే చాలు.

మా ఇంజను పట్టేసిన కారణాన్ని నేను ఈ పద్ధతిలోనే లెక్కగట్టి చూసుకున్నాను. షెవ్రొలే అంకెలతో ఆ లెక్క ఇలా ఉంటుంది. బోరు 4 అంగుళాలైతే రింగు చుట్టుకొలత 12.57 అంగుళాలు. పోత ఇనుము డిగ్రీ సెంటీగ్రేడుకు పది లక్షల్లో సుమారు 11 వంతులు సాగుతుంది. సిలిండరు గోడ కంటే రింగు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కిందనుకుందాం. అది అంగుళంలో వెయ్యోవంతులు 14 సాగుతుంది. పుస్తకాలు చెప్పే వాడుక నియమం బోరు అంగుళానికి నాలుగు చొప్పున 16. లెక్కకు, నియమానికి తేడా రెండే. ఆ సందు వదలకపోతే కొనలు ఢీకొని రింగు గోడను గీకుతుంది. దీర్ఘవ్యాకోచం లెక్కను పరీక్షలో ఎన్నిసార్లు రాశామో! మా పొలంలో అది తొమ్మిది రోజుల నీరు.

ఐదవది: బలం పెంచే పుస్తకాలు

కుర్రాళ్లు ముందు తెరిచేది వీటినే. నేను మాత్రం చివర పెడుతున్నాను. స్మోకీ యూనిక్ రాసిన "పవర్ సీక్రెట్స్" ఇందులో ప్రసిద్ధం. ఆయన తయారుచేసిన కార్లు 1961, 1962లలో వరసగా డేటోనా 500 పందెం గెలిచాయి. పందెపు ఇంజను బాగా ఊపిరి పీల్చాలి, వదలాలి అనే సంగతి ఆయన దగ్గర నేర్చుకోవాలి. అయితే పందెపు కొలతలు రోజూ తిరిగే బండికి పనికిరావు.

ఈ పుస్తకాల్లో హార్స్‌పవర్ అంకె కనిపించినప్పుడు ఎలా కొలిచారో అడగండి. షెవ్రొలే ఎల్.టి.-1 ఇంజనును 1970లో 370 గుర్రాలన్నారు. 1971లో కంప్రెషను 11 నుంచి 9కి తగ్గించారు, 330 అయింది. అదే 1971 ఇంజనుకు ఇంకొక అంకె కూడా ప్రకటించారు: 275. మొదటిది సైలెన్సరు, ఏర్ క్లీనరు వంటి భారాలు లేకుండా బల్ల మీద కొలిచినది. రెండవది అన్నీ తగిలించి కొలిచినది. 1972 నుంచి రెండో పద్ధతే నిలిచింది, అప్పటి అంకె 255. ఇది తెలియనివాడు రెండేళ్లలో 115 గుర్రాలు చచ్చిపోయాయనుకుంటాడు.

పాత పుస్తకాలకు తెలియనివి

ఏ పుస్తకమైనా తన కాలం వరకే చెబుతుంది. ఆనాటి పెట్రోలులో సీసం కలిపేవారు. అది తట్టును ఆపడమే గాక వాల్వు సీటుకు మెత్తలా పనిచేసేది. అమెరికాలో రోడ్డు వాహనాలకు సీసపు పెట్రోలును 1996లో పూర్తిగా నిషేధించారు. మన దేశంలో 2000లో ఆగిపోయింది. అందుచేత పాత హెడ్డు బాగుచేసేవారు ఎగ్జాస్టు వాల్వులకు గట్టి సీట్లు వేయించుకోవడం మంచిది.

నూనె సంగతి ఇంకా ముఖ్యం. పాత ఇంజన్లలో క్యాము నేరుగా చదును ట్యాపెట్ మీద రాసుకుంటుంది. దాన్ని కాపాడేది నూనెలోని జింకు, ఫాస్ఫరసుల మిశ్రమం. ఫాస్ఫరసు పొగగొట్టంలోని క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుందని కొత్త కార్ల నూనెల్లో దాన్ని తగ్గించారు. మామయ్య పాత పుస్తకం చెప్పినట్లే, కొత్త క్యాము బిగించి మొదటి అరగంట 2000 చుట్ల మీద నడిపాడు. పోసింది మాత్రం కొత్త కార్ల నూనె. క్యాము అరిగిపోయి మళ్లీ అంతా విప్పవలసి వచ్చింది. "పుస్తకం అబద్ధం చెప్పలేదురా, అది రాసిన ఏడు చూడకపోవడం నా తప్పు" అని ఆయనే చెప్పాడు.

ఆరవ పుస్తకం

ఇది ఏ దుకాణంలోనూ దొరకదు. విప్పిన రోజు, ప్రతి కొలత, ఏ సిలిండరుకు ఏ రింగు వేసిందీ రాసుకునే మన సొంత నోటుపుస్తకం. మన ప్రాక్టికల్ రికార్డు లాంటిదే, కాని పక్కవాడిది చూసి రాయడానికి వీల్లేనిది.

పోయిన వేసవిలో మా ఇంజనుకు కొత్త లైనరు, పిస్టను, రింగులు తెచ్చాం. మేస్త్రీ గారిని ఇంటికే పిలిచాం. ఆయన అనుమతితో నాలుగు రింగులనూ లైనరులో పెట్టి ఫీలర్ గేజితో సందు కొలిచాను. షెవ్రొలే అంకెలు దానికి చెల్లవు కాబట్టి, ఆ ఇంజను మాన్యువల్ లోని అంకెతో పోల్చాను. మూడు సరిగా ఉన్నాయి. ఒకదాని సందు చెప్పినదానిలో సగమే ఉంది. మేస్త్రీ గారు నా చేతిలోని గేజి తీసుకుని తాను కూడా పెట్టి చూశారు. ఏమీ అనకుండా సన్నని ఆకురాయితో ఆ కొన రాసి సరిచేశారు. ఈ సార్వా అంతా ఇంజను ఆగలేదు. మొన్న పక్క పొలం వాళ్లు వాళ్ల ఇంజను విప్పుతుంటే నాన్న గట్టు మీద నిలబడి "రింగులు కొలిచారా?" అని అడగడం విన్నాను.

మన లైబ్రరీలో భౌతికశాస్త్రం అలమర ఉంది, వ్యవసాయం అలమర ఉంది. ఈ రెండింటి మధ్య ఇటువంటి పుస్తకాలకు ఒక చిన్న అర ఏర్పాటు చేయవలసిందిగా పెద్దలకు మనవి. అంతవరకు మామయ్య ఇచ్చిన మూడు పుస్తకాలు హాస్టలులో నా గదిలో ఉన్నాయి. విజర్డ్ పుస్తకం అట్టకు నూనె మరకలున్నాయి, క్షమించాలి. కావలసిన మిత్రులు తీసుకుపోవచ్చు. తిరిగి మాత్రం ఇవ్వవలెను.