‘అన్ని ఫోన్లకూ పనిచేస్తుంది’ అని రాశాక కట్టుబడాల్సిందే

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పాసయ్యాడని ఆన్‌లైన్‌లో రూ.2,799 పెట్టి వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ కొన్నాను. ‘అన్ని ఫోన్లకూ, ట్యాబ్లెట్లకూ పనిచేస్తుంది’ అని అక్కడ రాసి ఉంది. తీరా చూస్తే వాడి ఆండ్రాయిడ్ ఫోన్‌కు కనెక్ట్ అవుతోంది గానీ, ఇంట్లో ఉన్న ఐప్యాడ్‌కు కావడం లేదు. పైగా ఎడమ స్టిక్ ముట్టుకోకపోయినా ఆటలో బొమ్మ దానంతటదే పక్కకు వెళ్లిపోతోంది. కొని మూడు వారాలైంది. ‘ఏడు రోజుల రిటర్న్ గడువు దాటింది, అమ్మినవాళ్లనే అడగండి’ అంటున్నారు యాప్ కస్టమర్ కేర్ వాళ్లు. అమ్మినవాళ్లు ఫోనే ఎత్తడం లేదు. ఇంత చిన్న మొత్తానికి కేసేమిటని ఇంట్లో అంటున్నారు. నాకు ఏదైనా దారి ఉందా?
- ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఉందమ్మా, గట్టి దారే ఉంది. మొత్తం చిన్నదని వదిలేయకండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 చిన్న మొత్తాలు పోగొట్టుకున్నవారికి కూడా అండగా ఉంటుంది. పైగా మీ కేసులో అసలు బలం అమ్మినవాళ్లు తమ చేతులతో రాసుకున్న ఆ ఒక్క వాక్యంలోనే ఉంది.

చట్టంలోని సెక్షన్ 2(10) లోపం అంటే ఏమిటో చెబుతుంది. వస్తువు విరిగితేనో, కాలిపోతేనో మాత్రమే లోపం కాదు. వ్యాపారి ఏ రూపంలోనైనా సరే తన వస్తువు గురించి చెప్పుకొన్న నాణ్యత, ప్రమాణం అందులో లేకపోయినా అది లోపమే. కాబట్టి ‘అన్ని ట్యాబ్లెట్లకూ’ అని రాసి, ఐప్యాడ్‌కు పనిచేయని వస్తువు పంపితే అది లోపమున్న వస్తువు. మూడు వారాలకే స్టిక్ దానంతటదే కదలడం రెండో లోపం. గేమర్లు దీన్ని ‘డ్రిఫ్ట్’ అంటారు. మరో సంగతి: డబ్బు కట్టింది మీరు, వాడేది మీ అబ్బాయి. కొన్నవారి అనుమతితో వాడుకునేవారు కూడా చట్టం దృష్టిలో వినియోగదారులే. ‘ఆర్డర్ మీ పేరు మీద ఉంది, అబ్బాయితో మాకేం పని’ అని అవతలివాళ్లు అనడానికి వీల్లేదు.

రిటర్న్ గడువు దాటితే హక్కు పోతుందా?

పోదు. ఏడు రోజులన్నది ఆ యాప్ పెట్టుకున్న నియమం. దానివల్ల మీకు చట్టం ఇచ్చిన హక్కు రద్దు కాదు. వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు, 2020 ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. వస్తువులో లోపం ఉన్నా, అది నకిలీ అయినా, ప్రకటించిన లక్షణాలు అందులో లేకపోయినా దాన్ని వెనక్కి తీసుకోబోమని, డబ్బు ఇవ్వబోమని అమ్మకందారు అనకూడదు. లోపమున్న వస్తువును బిల్లులో రాసిన గడువులోగా, గడువేమీ రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వకపోవడాన్ని సెక్షన్ 2(47) అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది. మీకు ఇంకా మూడు వారాలే అయింది కాబట్టి బిల్లు తీసి, అందులో గడువు రాసి ఉందో లేదో ముందు చూడండి. వారంటీ ఉంటే ఆ హక్కు దీనికి అదనం. వివాదానికి కారణం తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు కమిషన్‌ను ఆశ్రయించవచ్చని సెక్షన్ 69 చెబుతోంది.

ఇక యాప్ వాళ్ల సంగతి. తమది మధ్యవర్తిత్వం మాత్రమేనని వాళ్లు వాదించవచ్చు. ఆ వాదన ఎంతవరకు నిలుస్తుందో ఒక్కో కేసు వాస్తవాలను బట్టి ఉంటుంది. అయితే కొన్ని బాధ్యతలను వాళ్లు ఎలాగూ తప్పించుకోలేరు. అమ్మకందారు పేరు, చిరునామా, కస్టమర్ కేర్ నంబరు కనిపించేలా పెట్టాలి. ఫిర్యాదుల అధికారిని నియమించి, ఆ వివరాలు అందుబాటులో ఉంచాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. మీరు ఫోన్లో మాట్లాడిన కస్టమర్ కేర్ వేరు, ఈ ఫిర్యాదుల అధికారి వేరు. ఇకపై రాతపూర్వకంగా ఆ అధికారికే ఫిర్యాదు చేయండి.

ఫిర్యాదుకు ముందు ఒక పరీక్ష

అవతలివాళ్లు మొదట వేసే ప్రశ్న ‘మీరు సరిగ్గా కనెక్ట్ చేశారా?’ అనే. దానికి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో ‘జనరల్’, అందులో ‘అబౌట్’ తెరిస్తే సాఫ్ట్‌వేర్ వెర్షన్ కనిపిస్తుంది. ఎక్స్‌బాక్స్, ప్లేస్టేషన్ 4 కంట్రోలర్లు యాపిల్ పరికరాలకు కలవడం 2019లో వచ్చిన 13వ వెర్షన్‌తో మొదలైంది. ప్లేస్టేషన్ 5 కంట్రోలర్‌కు 14.5 కావాలి. మీ ఐప్యాడ్ పాతదైతే అప్‌డేట్ చేసి చూడండి. చాలా కంట్రోలర్లకు ఆండ్రాయిడ్‌కు ఒకటి, యాపిల్‌కు ఒకటి చొప్పున వేర్వేరు మోడ్‌లు ఉంటాయి. ఏ బటన్లు కలిపి నొక్కితే ఏ మోడ్ వస్తుందో మాన్యువల్‌లో చూసి, దాని ప్రకారమే ప్రయత్నించండి.

అప్పటికీ కలవకపోతే వీడియో తీయండి. మొదట పెట్టె మీది లేబుల్, కంట్రోలర్ వెనుక ఉన్న సీరియల్ నంబరు చూపించండి. తరువాత ఐప్యాడ్ వెర్షన్, బ్లూటూత్ స్క్రీన్ చూపించండి. డ్రిఫ్ట్ కోసం వేరే వీడియో తీయండి. కంట్రోలర్‌ను బల్ల మీద పెట్టి, చేతులు దూరంగా తీసేసి, స్క్రీన్ మీద బొమ్మ కదులుతుండగా రెండూ ఒకే ఫ్రేములో పడాలి. దీన్ని ఆండ్రాయిడ్ ఫోన్‌తోనే తీయవచ్చు. ఎటువంటి కత్తిరింపులూ లేని ఒక్క నిమిషం వీడియో పది ఫోన్ కాల్స్ కంటే విలువైనది.

అన్నిటికంటే ముందు ఈ రోజే చేయాల్సిన పని ఇంకొకటుంది. ‘అన్ని ఫోన్లకూ, ట్యాబ్లెట్లకూ’ అని రాసిన ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి దాచండి. ఆ వాక్యాన్ని వాళ్లు రేపు మార్చేయవచ్చు. బిల్లు, ఆర్డర్ మెసేజ్, కస్టమర్ కేర్‌తో జరిగిన చాట్ కూడా భద్రపరచండి.

ఫిర్యాదు ఎలా రాయాలి?

ఫిర్యాదుల అధికారికీ, అమ్మకందారుకూ ఒకే ఈమెయిల్ పంపండి. భాష సాదాగా ఉంటే చాలు. ఇలా రాయవచ్చు:

“నా ఆర్డర్ నంబరు (ఇక్కడ రాయండి). (తేదీ)న నాకు అందిన వైర్‌లెస్ గేమ్ కంట్రోలర్ అన్ని ట్యాబ్లెట్లకూ పనిచేస్తుందని మీ పేజీలో రాశారు. నా ఐప్యాడ్‌కు అది కనెక్ట్ కావడం లేదు. ఎడమ స్టిక్ ముట్టుకోకుండానే కదులుతోంది. స్క్రీన్‌షాట్, రెండు వీడియోలు, బిల్లు జత చేశాను. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది లోపమున్న వస్తువు. 15 రోజుల్లోగా వస్తువు వెనక్కి తీసుకుని నేను చెల్లించిన మొత్తం తిరిగి ఇవ్వాలి. లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయిస్తాను.”

జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడవచ్చు. హెల్ప్‌లైన్‌కు తీర్పు చెప్పే అధికారం లేకపోయినా, వాళ్లు మీ ఫిర్యాదును సంస్థకు పంపి జవాబు అడుగుతారు. ఇలాంటి చిన్న తగాదాలు ఇక్కడే తేలిపోయే అవకాశం ఉంది. ఇచ్చిన డాకెట్ నంబరు రాసి పెట్టుకోండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల వివాదాల పరిష్కార కమిషన్ ఉంది. ఇప్పటికీ మనం దాన్ని కన్జ్యూమర్ కోర్టనే అంటాం. అమ్మకందారు ఢిల్లీలో ఉన్నా, బెంగళూరులో ఉన్నా మీరు అంత దూరం వెళ్లక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోట లేదా పనిచేసే చోట కేసు వేయవచ్చని సెక్షన్ 34 చెబుతోంది, కాబట్టి ఖమ్మంలోనే వేయవచ్చు. వస్తువుకు చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు ఉంటే ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. లాయరును పెట్టుకోవడం మీ ఇష్టం, తప్పనిసరి కాదు. లాయరు కావాలనుకుంటే, మహిళలు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత సాయం కోరవచ్చు. దానికి 15100 నంబరు ఉంది.

కేసులో యాప్‌నూ, అమ్మకందారునూ, దిగుమతిదారు వివరాలు పెట్టె మీద ఉంటే వారినీ ప్రతివాదులుగా చేర్చండి. వస్తువును ల్యాబ్ పరీక్షకు పంపాల్సిన అవసరం లేకపోతే అవతలివారికి నోటీసు అందిన 3 నెలల్లో, అవసరమైతే 5 నెలల్లో కేసు తేల్చేందుకు ప్రయత్నించాలని చట్టం నిర్దేశించింది. ఆచరణలో ఇంకా ఆలస్యం కావచ్చు, దానికి సిద్ధపడండి. లోపం రుజువైతే దాన్ని సరిచేయాలని, కొత్తది ఇవ్వాలని, డబ్బు తిరిగి ఇవ్వాలని కమిషన్ ఆదేశించగలదు. నష్టపరిహారం, ఖర్చులు కూడా ఇప్పించగలదు. ఆదేశం పాటించకపోతే సెక్షన్ 72 కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, లేదా రూ.25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి.

కొనబోయేవారు చూసుకోవాల్సినవి

ఈ ఉత్తరం చదివి కంట్రోలర్ కొనబోయే తల్లిదండ్రులకూ, విద్యార్థులకూ కూడా కొన్ని మాటలు చెప్పాలి. డబ్బు కట్టకముందే నాలుగు సంగతులు తేల్చుకుంటే కమిషన్ దాకా వెళ్లే అవసరం చాలావరకు తప్పుతుంది.

మొదటిది, ‘వైర్‌లెస్’ అన్నంత మాత్రాన ఫోన్‌కు కలుస్తుందని కాదు. కొన్ని కంట్రోలర్లు యూఎస్‌బీలో పెట్టే చిన్న రిసీవర్‌తోనే పనిచేస్తాయి. అవి ప్రధానంగా కంప్యూటర్ల కోసం చేసినవి. ఫోన్‌కు, ట్యాబ్‌కు బ్లూటూత్ అని స్పష్టంగా రాసి ఉన్నదే కొనండి. ఎక్స్‌బాక్స్ వన్ కంట్రోలర్లలో తొలి తరం వాటికి బ్లూటూత్ లేదు. పాతది కొనేటప్పుడు మధ్యనున్న గుండ్రటి ఎక్స్‌బాక్స్ బటన్ చుట్టూ చూడండి. అక్కడి ప్లాస్టిక్ ముందు భాగంతో అతుకు లేకుండా కలిసిపోయి ఉంటే బ్లూటూత్ ఉన్నట్టు. అది పైనున్న భుజాల బటన్ల భాగంతో ఒకటిగా ఉంటే లేనట్టు.

రెండోది, ఆట సంగతి. కంట్రోలర్ ఫోన్‌కు కలిసినంత మాత్రాన ప్రతి ఆటా దాన్ని అంగీకరించదు. కాల్ ఆఫ్ డ్యూటీ మొబైల్, మైన్‌క్రాఫ్ట్ వంటివి అంగీకరిస్తాయి. అంగీకరించని ఆటల్లో తెర మీది బటన్లను కంట్రోలర్‌కు మళ్లించే యాప్‌లు వాడితే ఆట కంపెనీ ఖాతాను నిషేధించే ప్రమాదం ఉంది. ఆ నష్టానికి కంట్రోలర్ అమ్మినవారిని పట్టుకోవడం కష్టం. పిల్లలు ఆడే ఆట పేరు అడిగి, ఆ కంపెనీ ఏమంటోందో చూశాకే కొనండి.

మూడోది, స్టిక్. మామూలు స్టిక్‌లలో లోపలి భాగాలు ఒరుసుకుంటూ తిరుగుతాయి. అరిగేకొద్దీ డ్రిఫ్ట్ వస్తుంది. హాల్ ఎఫెక్ట్ స్టిక్‌లు అయస్కాంతంతో పనిచేస్తాయి కాబట్టి ఆ రాపిడి ఉండదు. ఆ మాట పేజీలో రాసి ఉంటే దాన్నీ స్క్రీన్‌షాట్ తీసుకోండి. రేపు వాదన వస్తే అదే మీ చేతిలో ఉండే కాగితం. ఫోన్‌ను ఇరువైపులా పట్టుకునే రకం కొంటుంటే, ఎంత పొడవు పరికరం అందులో పడుతుందో కొలత చూడండి. ఫోన్ పట్టేదాంట్లో ట్యాబ్లెట్ పట్టకపోవచ్చు.

నాలుగోది, పెట్టె. ప్యాక్ చేసిన వస్తువుల మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, అన్ని పన్నులతో కలిపిన ఎమ్మార్పీ, నెల, సంవత్సరం, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలని లీగల్ మెట్రాలజీ నిబంధనలు, 2011 చెబుతున్నాయి. విదేశీ వస్తువైతే ఏ దేశంలో తయారైందో కూడా రాయాలి. పెట్టె మీద దిగుమతిదారు పేరే లేకపోతే వారంటీ ఎవరిస్తారో తేలదు. పేరున్న కంట్రోలర్లకు నకిలీలు విరివిగా తిరుగుతున్నాయి కాబట్టి బయటి ధరలో సగానికి వస్తోందంటే ఆగి ఆలోచించండి. ‘ఇంకా రెండే మిగిలాయి’, ‘పది నిమిషాల్లో ఆఫర్ ముగుస్తుంది’ అని ఉత్తుత్తి తొందర పెట్టడం, అడగని వారంటీ ప్యాకును బిల్లులో కలపడం 2023 నవంబరు 30న వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం.

చట్టం అండగా నిలవని సందర్భాలు

ఇవి కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినట్టే. పేజీలో ‘కంప్యూటర్‌కు మాత్రమే’ అని స్పష్టంగా రాసి ఉండగా ఫోన్‌కు కావాలని కొంటే లోపం మీద కేసు నిలవదు. కొన్నాక నచ్చకపోవడం, రంగు బాగోలేదనిపించడం లోపాలు కావు. అలాంటప్పుడు యాప్ ఇచ్చే రిటర్న్ సౌకర్యం ఒక్కటే ఆధారం. కింద పడేసి విరిగినా, విప్పి రిపేరు చేయించినా వారంటీ అడగడం కష్టం. వ్యాపారం కోసం కొన్నవారు వినియోగదారుల కింద రారు. అయితే గేమింగ్ వీడియోలు చేసుకుంటూ తన జీవనం కోసం సొంతంగా పనిచేసుకునేవారికి చట్టం మినహాయింపు ఇచ్చింది.

మీ విషయానికొస్తే, ఈ రెండు రోజుల్లో స్క్రీన్‌షాట్, వీడియోలు పూర్తి చేసి ఈమెయిల్ పంపండి. 30 రోజుల గడువులోపే మీ ఫిర్యాదు వాళ్లకు అందడం మీకు మేలు. తరువాత నెల చూసి, 1915కు చెప్పి, అప్పటికీ స్పందన లేకపోతే కమిషన్‌లో వేయండి. రూ.2,799 మీ ఇంటికి చిన్న మొత్తమే కావచ్చు. అదే పేజీ చూసి కొన్న ఎంతోమంది ‘పోన్లే’ అని ఊరుకోవడం వల్లనే ఆ వాక్యం అక్కడ అలాగే ఉంది. మీరు అడిగితే దాన్ని రాసినవారు జవాబు చెప్పాల్సి వస్తుంది. మీరు అడగండి.