రైడింగ్ జీన్స్ కొంటున్నారా? ముందు లోపలి లేబుల్ చదవండి

ఫోన్ కొనేటప్పుడు మనం ఎన్ని చూస్తామో మీకు తెలుసు. ప్రాసెసర్ ఏది, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, ఐపీ 68 ఉందా లేక వట్టి "స్ప్లాష్ ప్రూఫ్" అని రాసి వదిలేశారా... ఇవన్నీ చూసుకుని, నాలుగు రివ్యూలు చదివితే గానీ ఆర్డర్ పెట్టం. అదే రైడింగ్ జీన్స్ దగ్గరికి వచ్చేసరికి "కెవ్లార్ ఉందంట, మోకాళ్ల దగ్గర ప్యాడ్లు కూడా ఇస్తున్నారంట" అన్నంతవరకే ఆగిపోతాం. నిజానికి బైక్ గేర్‌కి కూడా స్పెక్ షీట్ ఉంటుంది. కాకపోతే అది ఆన్‌లైన్ బ్యానర్ మీద కాదు, ప్యాంటు లోపల కుట్టిన చిన్న లేబుల్ మీద ఉంటుంది. దాన్ని ఎలా చదవాలి, చదివాక ప్యాంటు వేసుకుని ఏం చెక్ చేయాలి అన్నది ఈ ఆర్టికల్‌లో చూద్దాం.

మామూలు జీన్స్ ఎందుకు చాలదు?

జీన్స్ గుడ్డ మందంగా ఉంటుంది కాబట్టి పడినా కాపాడుతుందని చాలామంది నమ్మకం. ఒక చిన్న లెక్క వేద్దాం. గంటకు 60 కిలోమీటర్లు అంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. ఆ స్పీడులో బైక్ మీంచి పడిన మనిషి తారురోడ్డు మీద జారుతూ పోతే, ఘర్షణ గుణకం 0.6 అనుకుంటే, ఆగడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. ఈలోపు 23 మీటర్ల పైనే జారతాడు. 80లో ఉంటే దాదాపు 4 సెకన్లు, 40 మీటర్లు.

ఇప్పుడు గుడ్డ సంగతి. ల్యాబ్‌లో తిరిగే గరుకు బెల్టు మీద నొక్కిపెట్టి చూస్తే మామూలు కాటన్ డెనిమ్ సాధారణంగా ఒక్క సెకను కూడా నిలవదు. అదే బెల్టు మీద రైడింగ్ గేర్ కనీసం 4 సెకన్లు నిలవాలని యూరప్ పాత ప్రమాణం, అంటే ఈఎన్ 13595, అడిగేది. బెల్టూ మన రోడ్డూ ఒకటి కాదు గానీ, తేడా ఎంతుందో అర్థమవుతుంది. గుడ్డ పోయాక మిగిలిన సెకన్లు చర్మమే భరించాలి.

సీఈ మార్క్ ఎవరిది? ప్యాంటుదా, ప్యాడ్‌దా?

ఈ ఆర్టికల్‌లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది పెట్టుకోండి. ఆన్‌లైన్ లిస్టింగ్‌లో పెద్ద అక్షరాలతో "సీఈ లెవెల్ 2 సర్టిఫైడ్" అని ఉంటుంది. చాలాసార్లు ఆ సర్టిఫికెట్ లోపల పెట్టే మోకాలి ప్యాడ్‌ది, ప్యాంటుది కాదు. స్క్రీన్‌కి గొరిల్లా గ్లాస్ ఉంది కాబట్టి ఫోన్‌ని నీళ్లలో వేసినా ఏమీ కాదన్నట్టు ఉంటుంది ఈ వ్యవహారం. ప్యాడ్ దెబ్బని ఆపుతుంది. రోడ్డు మీద జారినప్పుడు చిరగకుండా ఉండాల్సింది గుడ్డ, ఊడిపోకుండా ఉండాల్సింది కుట్టు. ఈ రెండింటికీ పరీక్షలు వేరే ఉన్నాయి.

ప్యాంటుకి వర్తించే యూరప్ ప్రమాణం ఈఎన్ 17092. 2020లో వచ్చింది. ఇందులో గ్రేడ్లు ఉంటాయి: ఏఏఏ, ఏఏ, ఏ, బీ, సీ. గుడ్డ ముక్కల్ని ఒక మెషిన్ చేతులకి బిగించి గిరగిరా తిప్పుతారు, నిర్ణయించిన వేగం అందుకోగానే కాంక్రీటు పలక మీదికి వదిలేస్తారు. ఆగేలోపు చెప్పుకోదగ్గ రంధ్రం పడకూడదు. తుంటి, మోకాలు లాంటి ముందుగా నేలకి తగిలే భాగాల్లో ఏఏఏ అయితే గంటకు 120 కిలోమీటర్లకి సమానమైన వేగం దగ్గర, ఏఏ అయితే 70 దగ్గర, ఏ అయితే 45 దగ్గర ఈ పరీక్ష తట్టుకోవాలి. అంతగా నేలకి తగలని భాగాలకి వేగం తగ్గుతుంది. అలాగని ఏఏ జీన్స్ వేసుకుని 70లో పడితే ఏమీ కాదని అర్థం కాదు. అది మెషిన్ వేగం. రాయి, డివైడర్, వెనకొచ్చే లారీ ఆ మెషిన్‌లో ఉండవు.

బీ గ్రేడ్ అంటే రాపిడి విషయంలో ఏ లాంటిదే, కానీ ప్యాడ్లు ఉండవు. సీ అంటే ప్యాడ్లని పట్టి ఉంచే జాలీ లాంటిది, రాపిడి నుంచి కాపాడుతానని అది చెప్పదు. సీ గ్రేడ్ ఒక్కటే వేసుకుని బండెక్కకూడదు, పైన సరైన ప్యాంటు ఉండాలి.

ఇక చిన్న ట్రిక్. లేబుల్ మీద బైకర్ బొమ్మ, గ్రేడ్ అక్షరాలు, కింద ప్రమాణం నంబర్ ఉంటాయి. ఆ నంబర్ చివర ఉండే అంకె గ్రేడ్‌తో సరిపోవాలి. 17092-2 అంటే ఏఏఏ, 17092-3 అంటే ఏఏ, 17092-4 అంటే ఏ, ఆ తర్వాత 5 బీ, 6 సీ. గ్రేడ్ దగ్గర ఏఏ అని ఉండి, నంబర్ దగ్గర 17092-4 కనిపించిందంటే ఎక్కడో తేడా కొడుతోందన్నమాట. అసలు 17092 అన్న మాటే లేకుండా 1621 అని మాత్రమే ఉంటే అది ప్యాడ్ సర్టిఫికెట్టే.

మన దేశంలో హెల్మెట్‌కి ఐఎస్ఐ మార్క్ తప్పనిసరి. రైడింగ్ ప్యాంటుకి అలాంటి నిబంధన లేదు. కాబట్టి లిస్టింగ్‌లో ఎవరికి తోచింది వాళ్లు రాసుకోవచ్చు. కొనేముందు సెల్లర్‌ని "లోపలి లేబుల్ ఫోటో పెట్టండి" అని అడగండి. పెట్టలేదంటే ఆ ప్యాంటు వదిలేయడమే మేలు.

ప్యాడ్ మీద ఉన్న అక్షరాలు

మోకాలు, తుంటి ప్యాడ్లకి ప్రమాణం ఈఎన్ 1621-1. 5 కిలోల బరువుని మీటరు ఎత్తు నుంచి వదిలితే వచ్చే శక్తితో, అంటే సుమారు 50 జూల్స్‌తో ప్యాడ్‌ని కొడతారు. అవతలి వైపుకి సగటున 35 కిలోన్యూటన్లకి మించి బలం చేరకపోతే లెవెల్ 1, 20కి మించకపోతే లెవెల్ 2. తేడా చిన్నది కాదు కదా. లెవెల్ 2 దొరికితే అదే తీసుకోండి, ధరలో వచ్చే తేడా పర్వాలేదు.

మోకాలి ప్యాడ్ మీద కే, తుంటి ప్యాడ్ మీద హెచ్ అని ఉంటుంది. దాని పక్కన టైప్ ఏ లేదా టైప్ బీ. ఇక్కడ చాలామంది పొరబడతారు: ఏ అంటే గొప్ప అనుకుంటారు. కాదు, టైప్ ఏ అంటే చిన్న సైజు, టైప్ బీ ఎక్కువ భాగాన్ని కప్పుతుంది.

మన వాతావరణానికి బాగా పనికొచ్చే గుర్తు ఇంకోటుంది, టీ ప్లస్. ఆ ప్యాడ్‌ని 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించారని దానర్థం. ఇది ఐచ్ఛికం, అన్ని ప్యాడ్ల మీదా ఉండదు. మెత్తగా ఉండి దెబ్బ తగలగానే గట్టిపడే ప్యాడ్లు వేడికి ఇంకా మెత్తబడతాయి. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం బండి తోలేవాళ్లకి 40 డిగ్రీలు ల్యాబ్ నంబర్ కాదు, మామూలు రోజు. టీ మైనస్ కూడా ఉంటుంది, అది మైనస్ 10 డిగ్రీలకి. లద్దాఖ్ ప్లాన్ ఉంటే చూసుకోండి.

తుంటి ప్యాడ్ల సంగతి కూడా చూడాలి. ఏఏ, ఏఏఏలలో అవి తప్పనిసరి, ఏ గ్రేడ్‌లో కాదు. అందుకే చాలా జీన్స్‌లో మోకాళ్లకి ప్యాడ్లు పెట్టి, తుంటి దగ్గర ఖాళీ జేబులు ఇస్తారు. పక్కకి పడినప్పుడు మొదట నేలకి తగిలేది తుంటే. ఆ ఖాళీ జేబులకి సరిపోయే హెచ్ ప్యాడ్లు విడిగా కొని పెట్టుకోండి.

కెవ్లార్ అనగానే పడిపోకండి

కెవ్లార్ అనేది డ్యూపాంట్ కంపెనీ బ్రాండ్ పేరు, అసలు పదార్థం అరమిడ్ పోగు. 1965లో స్టెఫానీ క్వోలెక్ అనే శాస్త్రవేత్త కనిపెట్టారు. మంచి పదార్థమే, వేడికి కరగదు కూడా. కానీ అది ఎక్కడ ఉంది, ఎంత ఉంది అన్నది అసలు ప్రశ్న. ప్యాంటుని తిరగేసి చూడండి. కొన్నింటిలో మోకాళ్ల దగ్గర, సీటు కింద రెండు పసుపు ముక్కలు కుట్టి వదిలేస్తారు, తుంటి పక్కలు ఖాళీ. కనీసం తుంటి నుంచి మోకాలి కింది దాకా లైనింగ్ ఉండాలి.

రెండో రకం సింగిల్ లేయర్. డెనిమ్‌లోనే గట్టి పోగులు కలిపి నేస్తారు, లోపల వేరే లైనింగ్ ఉండదు. ఎక్కువగా డైనీమా లాంటి పాలీఇథిలీన్ పోగు గానీ, కార్డురా నైలాన్ గానీ వాడతారు. పల్చగా, మామూలు జీన్స్‌లాగే ఉంటుంది. ఈ పాలీఇథిలీన్ పోగు సుమారు 150 డిగ్రీల లోపే కరుగుతుంది, అందుకే దాన్ని కాటన్‌తో కలిపి నేస్తారు. వేడి సైలెన్సర్‌కి మాత్రం ఆనించకండి.

కుట్లు కూడా చూడండి. బయట కనిపించే ఒక్క వరస కుట్టు రోడ్డుకి తగలగానే అరిగిపోతుంది, ఆ తర్వాత గుడ్డ ఎంత గట్టిదైనా విడిపోతుంది. రెండు మూడు వరసలు, అందులో ఒకటైనా లోపల దాగి ఉండాలి. ఆస్ట్రేలియాలో 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో, ప్రమాదాలకి గురైన 212 మంది రైడర్ల దుస్తుల్ని పరిశీలిస్తే, మోటార్‌సైకిల్ ప్యాంట్లలో 28 శాతం చిరిగో విడిపోయో విఫలమయ్యాయి. మామూలు జీన్స్ కాదు, రైడింగ్ కోసమే అమ్మినవి!

సౌకర్యం కూడా సేఫ్టీలో భాగమే

ఏఏఏ కొనేసి, వేడికి తట్టుకోలేక బీరువాలో పెట్టి, ఆఫీసుకి మామూలు ప్యాంటులో వెళ్లేవాళ్లు చాలామందే ఉంటారు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో 2018లో మొదలైన మోటోక్యాప్ అనే రేటింగ్ కార్యక్రమం ఈ విషయం బాగా పట్టుకుంది. వాళ్లు షాపుల్లో గేర్ కొని, పరీక్షించి, రక్షణకి ఒక రేటింగ్, వేడిలో సౌకర్యానికి ఇంకో రేటింగ్ ఇస్తారు. ఫలితాలు ఉచితంగా చూడొచ్చు. మీరు చూస్తున్న మోడల్ అందులో ఉంటే మీ పని సగం అయిపోయినట్టే.

నా అభిప్రాయం అడిగితే: రోజూ సిటీలో ఆఫీసు, ఆదివారం పూట వికారాబాద్ అనంతగిరి లేదా వైజాగ్ నుంచి అరకు ఘాట్, ఇదీ మీ వాడకం అయితే సింగిల్ లేయర్ ఏఏ సరిగ్గా సరిపోతుంది. బడ్జెట్ అందకపోతే ఏ గ్రేడ్ తీసుకుని తుంటి ప్యాడ్లు కలపండి. హైవే మీద రోజుల తరబడి తిరిగేవాళ్లకే ఏఏఏ. వానాకాలంలో మాత్రం ఏ డెనిమ్ అయినా తడిస్తే ఒక పట్టాన ఆరదు, పైన రెయిన్ ప్యాంటు ఉండాల్సిందే.

టెక్ సరదా ఉన్నవాళ్ల కోసం ఒక మాట: స్వీడన్‌కి చెందిన మోసైకిల్ అనే బ్రాండ్ ఎయిర్‌బ్యాగ్ జీన్స్ కూడా తెచ్చింది. బైక్‌కి ఒక తాడు కడతారు, మనిషి ఎగిరిపడగానే అది లాగి, గ్యాస్ డబ్బా తెరుచుకుని కాళ్ల చుట్టూ గాలి నిండుతుంది. ఐడియా బాగుంది, ప్రస్తుతానికి మాత్రం మనకి మంచి ప్యాడ్లే దిక్కు.

అద్దం ముందు కాదు, బండి మీద చూడండి

ట్రయల్ రూమ్‌లో నిలబడి చూసుకుంటే రైడింగ్ జీన్స్ గురించి ఏమీ తెలియదు. మీ బండి మీదే కూర్చోండి. షాపు బయట పార్క్ చేసి ఉంటుంది కదా, అడగడానికి మొహమాటం వద్దు.

కూర్చుని కాళ్లు ఫుట్‌పెగ్స్ మీద పెట్టగానే ప్యాడ్ మోకాలి చిప్ప మీద, దాని కింద ఎముక మీద ఉండాలి. నిలబడినప్పుడు కొంచెం కిందికి ఉన్నట్టు అనిపించడం మామూలే. ఇప్పుడు ప్యాడ్‌ని చేత్తో పట్టుకుని పక్కకి తిప్పండి. సులువుగా తిరిగిపోతే, పడినప్పుడు కూడా తిరిగిపోతుంది. అప్పుడు లెవెల్ 2 అయినా లాభం లేదు. లోపల వెల్క్రోతో ప్యాడ్ ఎత్తు మార్చుకునే వీలుందేమో చూడండి, పొడుగు కాళ్లవాళ్లకి ఇది తప్పనిసరి.

కూర్చోగానే ప్యాంటు అంచు పైకి లేస్తుంది, చీలమండ బయటపడకూడదు. అందుకని మామూలు జీన్స్ కన్నా అంగుళం, రెండంగుళాలు పొడుగు తీసుకోండి. ముందుకి వంగినప్పుడు బటన్ పొట్టలో గుచ్చుకుంటోందా, వెనక నడుము జారుతోందా చూడండి. స్పోర్ట్స్ బైక్ వాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. తొడల మధ్య నాలుగు కుట్లు ఒకే చోట కలిసే ప్యాంటు గంట రైడ్‌లోనే చుక్కలు చూపిస్తుంది. అక్కడ వేరే ముక్క వేసి కుట్టినవి హాయిగా ఉంటాయి. కనీసం పది నిమిషాలు అలాగే కూర్చోండి.

అలాగే రైడింగ్‌లో ఫోన్, తాళాలు ముందు జేబుల్లో పెట్టకండి. పడినప్పుడు గట్టి వస్తువు తొడకీ రోడ్డుకీ మధ్య ఉంటుంది. ఫోన్ పోతే పోయింది, కాలికి తగిలే దెబ్బ పెద్దదవుతుంది.

ఉతికేటప్పుడు ప్యాడ్లు తీసేసి, ప్యాంటుని తిరగేసి, చల్లటి నీళ్లలో మామూలు డిటర్జెంట్‌తో ఉతకండి. బ్లీచ్ అస్సలు వద్దు, అరమిడ్‌ని పాడు చేస్తుంది. ఎండ కూడా దానికి పడదు, నీడలో ఆరేయండి. ప్యాడ్లు మళ్లీ పెట్టేటప్పుడు కుడి ఎడమలు, పైకి ఉండాల్సిన వైపు చూసుకోండి. ఒకసారి గట్టిగా పడ్డాక, పైకి బాగానే కనిపిస్తున్నా ఆ ప్యాడ్లు మార్చేయండి. గుడ్డ అరిగి ఉంటే ప్యాంటు కూడా.