కంచరగాడిదల బాట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, వాషింగ్టను నగరమునుండి కంబర్లాండు పట్టణమువఱకు, పొటోమాకు నదివెంబడి 184½ మైళ్ల పాత కాలువ యొకటి కలదు. 1828లో త్రవ్వ నారంభించి 1850లో ముగించిరి. గోదావరి కాలువల లాకులను చూచిన విద్యార్థులకు దీని పద్ధతి సులభముగ బోధపడును. 74 లాకులు పడవలను మెట్టుమెట్టుగ నెత్తుచుండెను. గట్టుపై నడచు కంచరగాడిదలు మోకులతో వానిని లాగుచుండెను. సరుకులలో బొగ్గే ముఖ్యము. 1924 నాటి వరదలతో రాకపోకలు నిలిచిపోయెను.

పిమ్మట కాలువవెంబడి మోటారుబాట వేయ సంకల్పించిరి. ఒక పత్రిక దీనిని సమర్థింపగా, సుప్రీముకోర్టు న్యాయమూర్తి విలియం డగ్లసు ఆ సంపాదకుని తనతో నడచి చూడుమని పిలిచెను. 1954 మార్చిలో, ఎనిమిది దినములు, ఆయన కంబర్లాండునుండి వాషింగ్టనువఱకు నడచెను. ఆయనతో కలిపి తుదిముట్ట నడచినవారు తొమ్మిదిమందియే! అయినను పత్రిక తన పట్టు సడలించెను. మోటారుబాట పడలేదు, 1971లో ఈ స్థలము జాతీయ చారిత్రకోద్యానమయ్యెను.

అంత పొడవునకును ఎక్కు 605 అడుగులే యగుటచే బాలురును వృద్ధులును అలయక నడువవచ్చును. పా పా యను సొరంగము 3,118 అడుగులు; పగలైనను చేతిదీపము కావలెను. అందలి చేపట్టుకొయ్యపై మోకులు రాచిన గాళ్లు నేటికిని కనబడును.