అమ్మలుకి, చెక్క దాచుకునే తీరు గురించి



ఓడ నమూనా మొదలుపెట్టానని, చెక్కముక్కలన్నీ మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయని, కావాల్సింది ఒక్కటీ వేళకి దొరకడం లేదని రాశావు. ఉలీ, రంపం తర్వాత చూసుకోవచ్చు. ముందు చెక్కకి ఒక చోటు కుదర్చాలి. లేకపోతే ఉన్న చెక్కనే మళ్ళీ కొంటావు, లేదా చేతికందిన ముక్కతో సర్దుకుంటావు. అలా సర్దుకున్న చోటు ఓడ మీద ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది.

ఏది ఉంచాలో, ఏది తీసేయాలో ముందు తేల్చుకో. అందరూ పెద్ద ముక్క దాచి చిన్నది పారేస్తారు. మన పనిలో చూడాల్సింది ముక్క సైజు కాదు, చెక్క నార ఎంత సన్నటిదన్నది. నువ్వు కడుతున్నది 1:48 స్కేలు, అంటే అసలు ఓడలో అడుగు నీ బల్ల మీద పావు అంగుళం. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో ఇంగ్లండు నౌకాదళం వాళ్ళ ఓడలకి చేసిన నమూనాలు చాలావరకు ఈ కొలతవే. గ్రీనిచ్‌లోని నేషనల్ మారిటైమ్ మ్యూజియంలో అలాంటివి ఎన్నో ఉన్నాయి. ఇప్పుడు ఒక టేకు ముక్కని అడ్డంగా కోసి, కోసిన మొహాన్ని భూతద్దంలో చూడు. సూదితో పొడిచినట్టు రంధ్రాలు వరుసగా ఉంటాయి. పెద్దవి పావు మిల్లీమీటరు దాకా ఉంటాయి. 48తో హెచ్చవేస్తే 12 మిల్లీమీటర్లు! డెక్కు నిండా చిటికెన వేలు పట్టేంత రంధ్రాలున్న ఓడని ఎక్కడైనా చూశామా? అసలు ఓడకి టేకు బంగారమే, నమూనాలో పైకి కనిపించే చోట మాత్రం పనికిరాదు. ఏటికొప్పాక బొమ్మల వాళ్ళు వాడే అంకుడు కర్ర అలా కాదు. తెల్లగా, మెత్తగా, నార కంటికి ఆననంత సన్నగా ఉంటుంది. అంకుడు అగ్గిపెట్టెలో సగమంత మిగిలినా దాచుకో, అందులోంచి బోలెడు కప్పీలు వస్తాయి. టేకు మూరెడు మిగిలినా ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇక సర్దడం. చెక్క రకాన్ని బట్టి సర్దేవాళ్ళే ఎక్కువ. నా మాట విని ముందు మందాన్ని బట్టి విడదియ్యి. పనిలో ఉన్నప్పుడు నువ్వు వెతికేది 'రెండు మిల్లీమీటర్ల బద్ద' కోసమే. కాలిపర్ పెట్టి కొలిచి, ఒక్కో మందానికి ఒక్కో గొట్టం కేటాయించు. రెండంగుళాల పీవీసీ పైపు ముక్కలు చాలు. వాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టి పేర్చు. నిలబెడితే బద్ద గోడకి వాలి, వానాకాలం వచ్చేసరికి విల్లులా ఒంగుతుంది. గొట్టం రెండు చివర్లూ తెరిచే ఉంచు, లోపల గాలి ఆడాలి. పచ్చి ఆరని చెక్కని డబ్బాలో పెట్టి మూత బిగిస్తే బూజు పడుతుంది.

ఒకే పలకలోంచి కోసిన బద్దలు విడిపోకూడదు. ఇది మాత్రం గట్టిగా పట్టించుకో. కోసిన వరుసలోనే చివర అంకెలు వేసి, నూలుదారంతో కట్ట కట్టు. పక్కపక్కనే ఉన్న రెండు బద్దలకి రంగూ చారలూ ఒక్కలాగే ఉంటాయి. ఒకదాన్ని ఓడ కుడి పక్కకి, రెండోదాన్ని ఎడమ పక్కకి వాడావంటే రెండు వైపులూ జతగా కనిపిస్తాయి. ఒకసారి కలిసిపోతే ఆ జతలు కలపడం ఎవరి తరమూ కాదు. రబ్బరు బ్యాండు జోలికి పోకు, మన ఎండలకి కరిగి చెక్కకి అంటుకుపోతుంది. చెక్క పేరు, మందం, కొన్న నెల ఒక చివర పెన్సిల్‌తో రాసి, కోసేటప్పుడు ఎప్పుడూ రెండో చివర నుంచే కోసుకురా. అప్పుడు ఆఖరి ముక్క దాకా పేరు మిగిలే ఉంటుంది. బాల్ పెన్ను వద్దు, వార్నిష్ తగిలితే సిరా పాకుతుంది.

మీ విశాఖ గాలిలో తేమ ఎక్కువ. తేమకి చెక్క పొడవు దాదాపు మారదు, వెడల్పు మాత్రం మారుతుంది. వానాకాలానికీ ఏసీ గదికీ మధ్య పది సెంటీమీటర్ల పలక అర మిల్లీమీటరు పైనే పెరిగి తగ్గుతుంది. నీ స్కేల్లో అది అంగుళం తేడా. అందుకని చెక్కని వరండాలో ఉంచి గదిలో పని చెయ్యకు. ఏ గదిలో కడతావో చెక్క కూడా ఆ గదిలోనే, కనీసం రెండు మూడు వారాలు ముందుగా ఉండాలి.

పురుగు సంగతి. చేవ తేలని తెల్లచెక్కలోనూ, చీలలకి వాడే వెదురులోనూ పిండిపదార్థం ఉంటుంది, పుచ్చుపురుగుకి అదే తిండి. కొత్తగా తెచ్చిన ముక్కని నేరుగా గొట్టంలో పెట్టకు. నల్ల కాగితం పరిచి, దానిమీద పెట్టి నెలరోజులు విడిగా ఉంచు. మైదాపిండి లాంటి పొడి రాలిందంటే ఆ ముక్క ఇంట్లో ఉండకూడదు. వేపాకు వేస్తే చాలంటారు కానీ లోపల దూరిన పురుగుని ఆకు ఏమీ చెయ్యలేదు.

ఇంకొకటి. రంగు బాగుందని ఎవరైనా ఎర్రచందనం ముక్క ఇస్తే తీసుకోకు, ఎంత చిన్నదైనా సరే. శేషాచలం కొండల్లో ఆ చెట్టు కోసం జరుగుతున్న దొంగతనాలు నీకు తెలియనివి కావు. కాగితాలు లేని ముక్క మన దగ్గర ఉండకూడదు.

నా దగ్గర ఆరేళ్ళుగా ఆరుతున్న అంకుడు పలక ఒకటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు ఇద్దరం కూర్చుని బద్దలు కోద్దాం. ఈలోగా గొట్టాలు కోయించి, వాటి మీద మందాలు రాసి ఉంచు. ఒకటిన్నర మిల్లీమీటర్ల గొట్టం మాత్రం రెండు ఉండేలా చూడు, పక్క పలకలకి అదే ఎక్కువ పడుతుంది.

మీ తాతయ్య