నేర్పేవారు అలసిపోతే...
(సిబ్బంది ఆరోగ్య పాఠం)



ఈ పాఠానికి ముందు నిర్గమకాండము 18వ అధ్యాయం, 13 నుండి 27 వచనాలు చదువుకోండి. మోషే ఉదయం మొదలు సాయంత్రం వరకు ఒక్కడే కూర్చుని ప్రజల తగవులు తీరుస్తూ, వారికి దేవుని కట్టడలు నేర్పుతున్నాడు. చూడవచ్చిన మామ యిత్రో అల్లుడిని మెచ్చుకోలేదు. ఈ పద్ధతి వల్ల నేర్పేవాడికీ, వచ్చినవారికీ కూడా నష్టమేనని హెచ్చరించాడు. మనం ఎప్పుడూ నేర్చుకునేవారి కష్టం గురించే మాట్లాడుకుంటాం. ఈసారి నేర్పేవారి ఆరోగ్యం గురించి తెలుసుకుందాం.

పనిచోట నేర్పడం అంటే ఏమిటి?

కోచింగ్ అనగానే మన కోనసీమలో పిల్లల ఎంట్రన్సు పరీక్షలు గుర్తొస్తాయి. పెద్ద కంపెనీలలో మాత్రం ఉద్యోగి పక్కన కూర్చుని, అతని ఇబ్బందులు విని, పని మెరుగుపడేలా దారి చూపడాన్ని కోచింగ్ అంటారు. ఆసుపత్రిలో దాదాపు ఆ పనే సీనియర్ సిస్టర్లు చేస్తారు. కొత్తగా డ్యూటీలో చేరిన అమ్మాయికి చిన్నబిడ్డకు కాన్యులా పెట్టడం, అర్ధరాత్రి డాక్టరుగారికి ఫోనులో రోగి పరిస్థితి క్లుప్తంగా చెప్పడం, చనిపోయినవారి బంధువుల ఎదుట నిలబడడం వార్డులోనే వస్తాయి. ఎవరో ఒకరు పక్కనుండి నేర్పాలి. అయితే నేర్పుతున్నంత మాత్రాన ఆ సిస్టరు చూడవలసిన రోగుల సంఖ్య తగ్గదు.

నేను చేసిన పొరపాటు

చాలా సంవత్సరాల క్రితం వేరొక ఆసుపత్రిలో నేను వార్డు ఇన్‌చార్జిగా ఉన్నాను. అక్కడ ఒక సిస్టరు ఎంతో ఓర్పుగా నేర్పేది. అందుచేత కొత్తగా ఎవరు వచ్చినా ఆమెకే అప్పగించేదాన్ని. అది ఆమెకు గౌరవం అనుకున్నాను.

కొంతకాలానికి ఆమె మాతో కలిసి అన్నం తినడం మానేసింది. నేర్పడానికి బదులు "నువ్వు తప్పుకో, నేనే చేసేస్తాను" అనసాగింది. ఒకరోజు ఇంజెక్షన్ తీస్తుండగా ఇద్దరు అమ్మాయిలు చెరొక ప్రశ్న అడిగారు. వారికి జవాబు చెబుతూనే ఆమె పక్క మంచం రోగికి ఇవ్వవలసిన మందు పట్టుకుని వేరొకరి దగ్గరకు నడిచింది. "సిస్టర్, ఆ మంచం కాదండీ" అని అందులో ఒక అమ్మాయే ఆపింది. దేవుని దయవలన ఎవరికీ ఏ హానీ జరగలేదు.

నేను ఆమెకు మెమో ఇచ్చాను. ఆమె లినెన్ గదిలో నిలబడి ఏడ్చింది. "సిస్టర్, నేను నేర్పిన పిల్లలందరూ గల్ఫ్‌కో హైదరాబాదుకో వెళ్లిపోయారు. బాగున్నామని ఒక్కరూ కబురు పెట్టలేదు. నేను మాత్రం మళ్లీ మొదటి పాఠం దగ్గరే ఉన్నాను" అంది. మూడు నెలల తరువాత ఉద్యోగం వదిలేసింది. ఆ రోజు నేను మార్చవలసింది డ్యూటీ చార్టు. మెమో ఇచ్చి ఊరుకున్నాను.

నేర్పేవారికి కలిగే హాని

జర్మనీకి చెందిన పరిశోధకుడు కార్స్టెన్ షెర్ములీ, కోచింగ్ ఇచ్చేవారికి దానివల్ల కలిగే చెడు ఫలితాలపై 2014లో ఒక అధ్యయనం ప్రచురించాడు. వారు ఎక్కువగా చెప్పిన సంగతులు మన వార్డులలో కూడా కనిపిస్తాయి.

1. ఎదుటివారి బాధ మనసుకు పట్టుకోవడం: కొత్త అమ్మాయి తన ఇంటి అప్పులు, భయాలు సీనియరుకే చెప్పుకుంటుంది. విన్న బరువు డ్యూటీ దిగినా దిగదు.

2. ఫలితం చూడలేకపోవడం: నేర్చుకున్నవారు వెళ్లిపోతారు. శ్రమ ఏమైందో తెలియదు.

3. తప్పు చెప్పానేమోననే భయం: తాను నేర్పిన అమ్మాయి పొరపాటు చేస్తే తానే చేసినట్టు నిద్రపట్టదు.

వీటికి తోడు మన దగ్గర ఇంకొకటుంది. శివారు చేలకు కాలువ నీరు చివరికి అందుతుందని కాట్రేనికోన రైతులకు తెలుసు. నేర్పే సిస్టరు ఓపిక కూడా రోగులకు, కొత్తవారికి పోగా మిగిలిందే ఆమె పిల్లలకు చేరుతుంది.

గుర్తుపట్టవలసిన లక్షణాలు

పనివల్ల కలిగే ఈ విపరీతమైన అలసటను బర్నౌట్ అంటారు. 1974లో అమెరికా మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ దీని గురించి రాశాడు. ఉచిత క్లినిక్కులలో సేవచేసేవారిని చూసి రాశాడని గమనించండి. మనసుపెట్టి పనిచేసేవారికి కూడా ఇది వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనికి మూడు లక్షణాలు చెప్పింది: శక్తి హరించుకుపోవడం, పని మీద విరక్తి లేదా ఎగతాళి భావం, పనిలో సామర్థ్యం తగ్గిందనిపించడం. ఇది జబ్బు కాదు, పని పరిస్థితులకు సంబంధించిన సమస్య అని కూడా ఆ సంస్థ చెప్పింది. కాబట్టి మనిషికి టానిక్కు ఇస్తే చాలదు, పని పద్ధతి మారాలి.

ఏమి చేయాలి?

ఇన్‌చార్జులు: ఒక సిస్టరుకు ఒకేసారి ఒక్క కొత్తవారినే అప్పగించండి. నేర్పే రోజులలో ఆమెకు రోగులను తగ్గించండి. ఒక జట్టు అయ్యాక కొంతకాలం విరామం ఇవ్వండి. మందులు తీసే సమయంలో ఎవరూ ప్రశ్నలు అడగరాదని నియమం పెట్టండి. మోషే వేయిమందికి, వందమందికి, ఏబదిమందికి, పదిమందికి అధిపతులను నియమించాడు. నిరుడు చేరిన అమ్మాయి ఈ ఏడాది చేరినవారికి మంచం సర్దడం, బి.పి. చూడడం నేర్పగలదు.

నేర్పేవారు: అన్నం మానవద్దు. ఎదుటివారి ప్రతి సమస్యనూ మీరే తీర్చనవసరం లేదు, వినడమే చాలాసార్లు సహాయం. "ఈ నెల నావల్ల కాదు" అని చెప్పడం పాపం కాదు. మీ బరువు కూడా నమ్మకమైన ఒకరితో చెప్పుకోండి.

నేర్చుకునేవారు: చిన్న సందేహాలు రాసిపెట్టుకుని డ్యూటీ చివర ఒకేసారి అడగండి. వేరే ఊరు వెళ్లాక ఒక్క ఫోను చేయండి.

రెండు వారాలు దాటి నిద్ర లేకపోయినా, దిగులు తగ్గకపోయినా డాక్టరుగారికి చూపించుకోండి. బ్రతకాలని లేదనే ఆలోచన వస్తే మాత్రం ఒక్కరోజు కూడా ఆగవద్దు. 2022లో ప్రారంభమైన ప్రభుత్వ టెలీ మానస్ నెంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ముగింపు

నేర్పడం కీడు అని ఈ పాఠం చెప్పడం లేదు. మనకు కూడా ఎవరో ఓపికగా నేర్పారు. 1 రాజులు 19వ అధ్యాయంలో ఏలీయా బదరీవృక్షం క్రింద చావు కోరుకున్నాడు. దేవుడు అతనిని గద్దించలేదు. ముందు నిద్ర, అప్పము, నీళ్లు ఇచ్చాడు. ఆ తరువాతే తన స్థానంలో ఎలీషాను సిద్ధపరచే పని అప్పగించాడు. మన వార్డులలో కూడా ఆ క్రమమే ఉండాలి.

ఆలోచించండి:
- మీ వార్డులో ఎప్పుడూ నేర్పేది ఒక్కరేనా?
- ఆమె ఈ రోజు అన్నం తిన్నదా? ఎవరైనా అడిగారా?
- మీకు మొదట నేర్పిన సిస్టరుతో మాట్లాడి ఎంతకాలమైంది?

ప్రభువు మీకు విశ్రాంతిని, బలాన్ని అనుగ్రహించును గాక.